స్పానిష్ సంగీత హక్కుల పరిభాష: ఆంగ్లంలోకి అనువాదం

స్పెయిన్‌లో పాట రాసినవారికీ, బాణీ కట్టినవారికీ, పాడినవారికీ, రికార్డు చేయించినవారికీ రావలసిన సొమ్మును వసూలు చేసి పంచే వ్యవస్థకు తనదైన పరిభాష ఉంది. చట్టం, సంఘాల నియమావళులు, రేట్ల పట్టికలు, ఒప్పందాలు, రాయల్టీ లెక్కల కాగితాలు అన్నీ ఆ పరిభాషలోనే నడుస్తాయి. పాట సరిహద్దులు దాటి వినిపిస్తుంది కనుక ఈ కాగితాలు కూడా దాని వెంటే ప్రయాణం కట్టి ఆంగ్లంలోకి మారుతుంటాయి. లండన్‌లోని ప్రచురణ సంస్థ, న్యూయార్క్‌లోని న్యాయవాది, విదేశీ సోదర సంఘంలో లెక్కలు చూసే గుమాస్తా, అందరికీ ఆంగ్ల పాఠమే కావాలి. న్యాయ అనువాదంలో ఇదొక చిన్న శాఖే అయినా ఇక్కడ దొర్లే పొరపాటు నేరుగా కళాకారుల జేబుకు తగులుతుంది.

చిక్కంతా ఆంగ్లం ఒక్కటి కాకపోవడంలో ఉంది. యూరోపియన్ యూనియన్ చట్టాలు ఒక ఆంగ్లంలో ఉంటాయి, బ్రిటన్ సంగీత వ్యాపారానిది వేరొక ఆంగ్లం, అమెరికా కాపీరైట్ చట్టానిది ఇంకొకటి. ఇవి ఒకే హక్కుకు వేర్వేరు పేర్లు పెడతాయి. ఒక్కోసారి ఒకే పేరును వేర్వేరు హక్కులకు వాడతాయి. అందుకే నిఘంటువు తెరవకముందే అనువాదకుడు మూడు సంగతులు తేల్చుకోవాలి: ఈ మాట ఏ హక్కును చెబుతోంది, ఆ హక్కు ఎవరిది, దాని మీద వచ్చే సొమ్ము ఏ దారిన పోతుంది. ఇవి తేలితే మాట దానంతటదే దొరుకుతుంది.

రంగస్థలం నుంచి వచ్చిన మాటలు

ఈ పరిభాషలో చాలా భాగం నాటకశాలల దగ్గర పుట్టింది. పందొమ్మిదో శతాబ్దం చివర మాడ్రిడ్‌లో సార్సువేలా అనే సంగీత నాటకానికి విపరీతమైన ఆదరణ ఉండేది. ఆ నాటకాల హక్కులనూ, అంతకంటే ముఖ్యంగా వాద్యబృందం ముందుపెట్టుకుని వాయించే స్వరలిపి ప్రతులనూ కొని పోగేసుకున్నవాడు ఫ్లొరెన్సియో ఫిస్కొవిచ్ అనే ప్రచురణకర్త. ఏ ఊళ్లో ఏ బృందం నాటకం ఆడాలన్నా ఆ ప్రతులను ఆయన దగ్గర అద్దెకు తెచ్చుకోవలసిందే. నాటకం ఏళ్ల తరబడి ఆడుతున్నా, హక్కులు అమ్ముకున్న కవికీ సంగీతకర్తకూ మొదట చేతికందిన మొత్తమే దక్కేది.

ఈ పెత్తనానికి ఎదురు నిలిచినవారిలో ముఖ్యుడు సంగీతకర్త రుపెర్తో చాపీ. 1897లో మాడ్రిడ్ అపోలో నాటకశాలలో మొదటిసారి ఆడిన ‘లా రెవొల్తోసా’ ఆయన కూర్చినదే. చాపీ, రచయిత సినేసియో దెల్గాదో మరికొందరితో కలిసి 1899లో స్పానిష్ రచయితల సంఘం స్థాపించారు. సంఘం సొంతంగా స్వరలిపి భాండాగారం పెట్టుకుని, అద్దె సొమ్ము కర్తలకే చేరేలా చేసింది. 1932లో అది సొసియెదాద్ హెనెరాల్ దె ఔతోరెస్ దె ఎస్పాన్యాగా మారింది, పొడి అక్షరాల్లో ఎస్‌జీఏఈ. 1995లో పేరు చివర ఉన్న దేశం పేరు తీసి ‘ఇ ఎదితోరెస్’ అని చేర్చారు. రెండు మాటలకూ మొదటి అక్షరం ఒకటే కావడంతో పొట్టిపేరు మారలేదు. మాడ్రిడ్‌లోని లొంగోరియా భవనం దాని ప్రధాన కార్యాలయం.

ఆ పేరులోని ‘ఎదితోర్’ కొత్త అనువాదకులను తరచు పక్కదారి పట్టించే మాట. ఆంగ్లంలో ఎడిటర్ అంటే కూర్పరి, సంపాదకుడు. స్పానిష్ ఎదితోర్ మాత్రం ప్రచురణకర్త, అంటే మ్యూజిక్ పబ్లిషర్. పాట హక్కులను చేతిలో ఉంచుకుని, వాటిని అమ్మి, వసూలు చేసి, కర్తతో వాటా పంచుకునే వ్యాపారి ఆయన. ఫిస్కొవిచ్‌ను ఎడిటర్ అని ఆంగ్లంలో రాస్తే ఆ పోరాటమంతా అర్థం లేకుండా పోతుంది. ప్రతులు దిద్దేవాడి మీద ఎవరు తిరగబడతారు? ఎస్‌జీఏఈ పేరును ఆంగ్లంలో ‘సొసైటీ ఆఫ్ ఆథర్స్ అండ్ పబ్లిషర్స్’ అనడం ఇందుకే సరైనది.

చట్టం పేరులోనే ఒక మలుపు

నేడు అమలులో ఉన్న స్పెయిన్ చట్టం 1996 ఏప్రిల్ 12 నాటి రాజశాసనం. దాని పేరు లెయ్ దె ప్రొపియెదాద్ ఇంతెలెక్తువాల్. మాటకు మాట పెడితే మేధోసంపత్తి చట్టం. ఆంగ్లంలో ఇంటెలెక్చువల్ ప్రాపర్టీ అనగానే పేటెంట్లు, ట్రేడ్‌మార్కులు కూడా అందులోకి వచ్చేస్తాయి. స్పెయిన్‌లో వాటిని ప్రొపియెదాద్ ఇందుస్త్రియాల్ అనే వేరే పద్దులో పెట్టారు. ఇంతెలెక్తువాల్ అన్నది కర్తల హక్కులకూ, గాయకులు, వాద్యకారులు, రికార్డు నిర్మాతల హక్కులకూ మాత్రమే పరిమితం. కనుక ఒప్పందంలో ఒకరు ఈ హక్కులన్నీ రాసిచ్చినట్టు ఉంటే, ఆంగ్లంలో ‘కాపీరైట్ అండ్ రిలేటెడ్ రైట్స్’ అనాలి. ఇంటెలెక్చువల్ ప్రాపర్టీ అని వదిలేస్తే బృందం పేరు మీద ఉన్న ట్రేడ్‌మార్కు కూడా చేతులు మారిందని అవతలి న్యాయవాది చదువుకుంటాడు.

దెరేచో దె ఔతోర్ (కర్త హక్కు), కాపీరైట్ అన్న రెంటి మధ్య ఉన్నది భావంలోనే తేడా. మొదటిది మనిషిని ముందుపెడుతుంది, రెండోది ప్రతిని. స్పెయిన్ చట్టంలో కర్త పేరు ఉండాలన్న హక్కు, రచనను పాడుచేయకూడదన్న హక్కు వంటి నైతిక హక్కులను వదులుకోవడం గానీ ఇతరులకు రాసివ్వడం గానీ కుదరదు. బ్రిటన్‌లో 1988 చట్టం ప్రకారం వాటిని సంతకం పెట్టి వదులుకోవచ్చు. అమెరికాలో సంగీతానికి అలాంటి ప్రత్యేక హక్కు లేనట్టే. అనువాదంలో మామూలుగా కాపీరైట్ అని రాయడంలో తప్పులేదు. నైతిక హక్కుల ప్రస్తావన వచ్చిన చోట మాత్రం ‘ఆథర్స్ రైట్స్’ అని తేడా చూపించడం మంచిది.

ఈ సందర్భంలో మన దేశపు చట్టాన్ని ఒక్కసారి తలచుకోవాలి. భారత కాపీరైట్ చట్టం సినిమాకూ, సౌండ్ రికార్డింగ్‌కూ నిర్మాతనే ‘ఆథర్’ అంటుంది. తెలుగు సినిమా పాటల ఒప్పందాలు చూసినవారికి ఇది అలవాటైన సంగతే. స్పానిష్ ఔతోర్ ఎన్నడూ రికార్డు నిర్మాత కాడు. సాహిత్యమో సంగీతమో సృష్టించిన వ్యక్తికే ఆ మాట చెల్లుతుంది. స్పానిష్ ఒప్పందం ఆంగ్ల పాఠాన్ని హైదరాబాదులోనో చెన్నైలోనో చదివేవారు ఈ తేడాను మనసులో ఉంచుకోవాలి.

ఎంతిదాద్, ఎంటిటీ

కర్తల తరఫున వసూలు చేసి పంచే సంఘాన్ని స్పానిష్‌లో ఎంతిదాద్ దె హెస్తియోన్ కొలెక్తీవా అంటారు. ఎస్‌జీఏఈ ఒకటి. రికార్డు నిర్మాతలకు అహెది, గాయకులకూ వాద్యకారులకూ ఏఐఈ ఉన్నాయి. ఎంతిదాద్ కంటపడగానే ఎంటిటీ అని చేయి దానంతటదే రాసేస్తుంది. కానీ సామూహిక నిర్వహణ మీద 2014లో వచ్చిన యూరోపియన్ ఆదేశం ఆంగ్ల పాఠంలో రెండు వేర్వేరు మాటలు కనిపిస్తాయి. హక్కుదారుల చేతిలో ఉండే, లేదా లాభాపేక్ష లేకుండా నడిచే సంఘానికి ‘కలెక్టివ్ మేనేజ్‌మెంట్ ఆర్గనైజేషన్’. హక్కుదారుల అజమాయిషీ లేకుండా లాభం కోసం నడిచే సంస్థకు ‘ఇండిపెండెంట్ మేనేజ్‌మెంట్ ఎంటిటీ’. ఈ రెండోదాన్ని స్పెయిన్ చట్టం ఒపెరదోర్ దె హెస్తియోన్ ఇందెపెన్‌దియెంతె అంటుంది. అంటే స్పానిష్ ఎంతిదాద్ ఆంగ్లంలో ఆర్గనైజేషన్ కావాలి, స్పానిష్ ఒపెరదోర్ ఎంటిటీ కావాలి. వీటిని తారుమారు చేస్తే సభ్యుల సంఘం కాస్తా ప్రైవేటు వ్యాపారంగా మారిపోతుంది. ప్రభుత్వ అనుమతి, సభ్యుల ఓటు, పారదర్శకత నివేదిక వంటి బాధ్యతలు రెంటికీ ఒకేలా ఉండవు కనుక ఈ తేడాను చిన్నదని వదిలేయడానికి వీల్లేదు. స్పెయిన్ ఈ ఆదేశాన్ని 2018లో అత్యవసర శాసనంతో, 2019 మార్చిలో పూర్తి చట్టంతో తన పుస్తకంలోకి ఎక్కించుకుంది.

హెస్తియోన్ కూడా జాగ్రత్తగా చూడవలసినదే. కొంత్రాతో దె హెస్తియోన్ అన్నదాన్ని మేనేజ్‌మెంట్ కాంట్రాక్ట్ అని ఊరికే రాస్తే, గాయకుడి కార్యక్రమాలు చూసుకునే మేనేజర్‌తో కుదిరిన ఒప్పందమని సంగీత వ్యాపారంలో ఎవరైనా అనుకుంటారు. ‘రైట్స్ మేనేజ్‌మెంట్’ అని ఒక్క మాట ముందు చేర్చితే సరిపోతుంది.

కొమునికాసియోన్ పూబ్లికా

ఈ పరిభాషకు నడుమ నిలిచిన స్తంభం ఇది. చట్టం కర్తకు నాలుగు ప్రధాన ఆర్థిక హక్కులు ఇస్తుంది: ప్రతులు తీసే హక్కు, ప్రతులను జనంలోకి పంపే హక్కు, కొమునికాసియోన్ పూబ్లికా, మార్చి రాసే హక్కు. మూడోదాని నిర్వచనం చాలా విశాలమైనది. ప్రతులు ముందుగా చేతికివ్వకుండా పదిమందికి రచన అందేలా చేసే పని ఏదైనా అందులోకి వస్తుంది. వేదిక మీది కచేరీ, నాటక ప్రదర్శన, రేడియో ప్రసారం, బారులో గోడకు తగిలించిన టీవీ, అంతర్జాలంలో కోరినప్పుడు వినే పాట, అన్నీ దాని కింద పిల్లలే.

ఆంగ్లంలో ఇంత విశాలమైన ఒక్క మాట దొరకదు. బ్రిటన్ చట్టం ‘పెర్ఫార్మెన్స్ ఇన్ పబ్లిక్’, ‘కమ్యూనికేషన్ టు ద పబ్లిక్’ అని రెండుగా విడదీస్తుంది. మొదటిది అక్కడే ఉన్న జనం ముందు జరిగేది, రెండోది దూరం నుంచి ప్రసారమయ్యేది. అమెరికాలో రెంటినీ కలిపి ‘పబ్లిక్ పెర్ఫార్మెన్స్’ అంటారు. భారత చట్టంలో పెర్ఫార్మెన్స్, కమ్యూనికేషన్ మాటలు రెండూ ఉన్నాయి. కాబట్టి ఒకే స్పానిష్ వాక్యం అమెరికా పాఠకుడికి ఒకలా, బ్రసెల్స్ పాఠకుడికి ఇంకోలా మారాలి. అమెరికా ఒప్పందంలో కమ్యూనికేషన్ టు ద పబ్లిక్ అని వాడితే తప్పని ఎవరూ అనరు గానీ, ఆస్కాప్, బీఎంఐ వంటి సంఘాలు వసూలు చేసే హక్కు ఇదేనని చదివేవారికి వెంటనే తట్టదు.

ఈ హక్కు ఎంత దూరం వెళ్తుందో 2006 డిసెంబర్ 7న యూరోపియన్ న్యాయస్థానం చెప్పిన తీర్పు చూపిస్తుంది. రఫాయెల్ హోటళ్ల సంస్థ గదుల్లో టీవీలు పెట్టింది. హోటలుకు వచ్చిన ప్రసారాన్ని గదులకు పంపడం కొమునికాసియోన్ పూబ్లికా అవుతుందని ఎస్‌జీఏఈ వాదించింది. గది అతిథి సొంత చోటు, అక్కడ పబ్లిక్ ఎక్కడుందన్నది ఎదుటి పక్షం మాట. గదుల్లో వరసగా మారుతున్న అతిథులందరూ కలిస్తే తగినంత పెద్ద ప్రేక్షక సమూహమేనని, హోటలు చేతిలోని ఏర్పాటుతో కొత్త సమూహానికి ప్రసారం అందుతోందని న్యాయస్థానం తేల్చింది. ఆ తీర్పు ఆంగ్ల పాఠంలో వాడిన ‘న్యూ పబ్లిక్’ అన్న మాట తర్వాతి తీర్పుల్లో స్థిరపడింది. స్పానిష్‌లో అది పూబ్లికో న్వెవో. దీన్ని ‘కొత్త ప్రేక్షకులు’ అన్న అర్థం వచ్చేలా మరో ఆంగ్ల మాటతో రాస్తే న్యాయసూత్రం కనబడకుండా పోతుంది.

దీని కింద వచ్చే చిన్న మాటల్లో రెండింటిని చెప్పుకోవాలి. ప్వెస్తా ఆ దిస్పొసిసియోన్ అంటే అంతర్జాలంలో ఎవరికి కావలసిన చోట, కావలసిన వేళ అందేలా ఉంచడం. 1996 నాటి ప్రపంచ మేధోసంపత్తి సంస్థ (వైపో) ఒప్పందాలతో ఈ భావన స్థిరపడింది, దీనికి ఆంగ్లంలో ‘మేకింగ్ అవైలబుల్’ అన్న ఒక్క మాటే చెల్లుతుంది. రెండోది ఎహెకుసియోన్. వాద్యం వాయించడం, పాట పాడడం అని అర్థం. రేట్ల పట్టికల్లో ఎహెకుసియోన్ ఉమానా అని కనిపిస్తుంది, అది మనుషులు ప్రత్యక్షంగా వాయించే సంగీతం, అంటే ‘లైవ్ పెర్ఫార్మెన్స్’. యంత్ర అనువాదాన్ని నమ్ముకుంటే అది మరణశిక్ష మాటగా తయారవుతుంది.

రికార్డు వెనక ఉన్న రెండో వరస

పాటలో రెండు పొరలు ఉంటాయి. ఒకటి సాహిత్యమూ బాణీ, స్పానిష్‌లో ఓబ్రా. రెండోది దాన్ని పాడి పట్టిన రికార్డు, ఫొనొగ్రామా. మాడ్రిడ్‌లోని ఒక బారు పాటలు వేస్తే ఓబ్రా కోసం ఎస్‌జీఏఈకి, రికార్డు కోసం అహెది, ఏఐఈలకు కట్టాలి. ఆ రెండు సంఘాలూ ఉమ్మడి వసూలు యంత్రాంగం పెట్టుకున్నాయి.

అమెరికా చట్టంలో ఫొనొగ్రామాకు ‘సౌండ్ రికార్డింగ్’ అన్నదే పేరు. 1961 రోమ్ ఒప్పందం, 1971 జెనీవా ఒప్పందం ‘ఫోనోగ్రామ్’ అంటాయి. అంతకంటే పెద్ద తేడా హక్కులోనే ఉంది. మామూలు రేడియోలో పాట వస్తే స్పెయిన్‌లో గాయకులకూ రికార్డు నిర్మాతకూ సొమ్ము వస్తుంది. అమెరికాలో అలాంటి రేడియో రికార్డు వైపు చిల్లిగవ్వ చెల్లించదు. డిజిటల్ ప్రసారాలకే ఆ హక్కు ఉంది, ఆ సొమ్మును సౌండ్ ఎక్స్‌ఛేంజ్ అనే సంస్థ వసూలు చేస్తుంది. కాబట్టి దెరేచోస్ కొనెక్సోస్ లేదా దెరేచోస్ అఫీనెస్ అని వచ్చినప్పుడు అమెరికా పాఠకుడికి ‘నెయిబరింగ్ రైట్స్’ అని ఇచ్చి ఊరుకుంటే చాలదు. ఏ వాడకం మీద, ఎవరికి వచ్చే సొమ్మో ఒక చిన్న వాక్యంలో చెప్పాలి. అనువాదకుడు వివరణ చేర్చడం తగదన్న వాదం ఉంది. నా ఉద్దేశంలో లక్ష్యభాషలో సమానమైన హక్కే లేనప్పుడు వివరణ చేర్చకపోవడమే పాఠకుణ్ణి తప్పుదారి పట్టించడం అవుతుంది.

ఇదే వరసలో ప్రొదుక్తోర్ ఉంది. ప్రొదుక్తోర్ దె ఫొనొగ్రామాస్ అంటే రికార్డింగ్‌కు పూనుకుని బాధ్యత వహించిన వ్యక్తి లేదా సంస్థ, వాడుకలో రికార్డు లేబుల్. స్టూడియోలో కూర్చుని ధ్వనిని తీర్చిదిద్దే మనిషిని స్పానిష్‌లో ప్రొదుక్తోర్ ఆర్తిస్తికో లేదా మ్యుసికాల్ అంటారు. ఆంగ్లంలో ఇద్దరినీ ప్రొడ్యూసర్ అనే అంటారు కనుక, లేబుల్‌కు రావలసిన వాటా స్టూడియో మనిషికని, స్టూడియో మనిషికి రావలసినది లేబుల్‌కని చదువుకునే ప్రమాదం ఉంది. ఆర్తిస్తా ఇంతెర్‌ప్రెతె ఓ ఎహెకుతాంతె అన్న పొడవాటి మాట గాయకుణ్ణీ వాద్యకారుణ్ణీ కలిపి చెబుతుంది. దానికి ఆంగ్లంలో ‘పెర్ఫార్మర్’ అన్న ఒక్కటి చాలు.

ఒకే విశేషణం, రెండు ఆంగ్ల మాటలు

ఈక్వితాతీవా అనే విశేషణం చట్టంలో రెండు రకాల చెల్లింపులకు వస్తుంది. రేడియోలో, బారులో రికార్డు వేసినప్పుడు గాయకులకూ నిర్మాతలకూ ఇచ్చేది రెమునెరసియోన్ ఈక్వితాతీవా ఇ ఊనికా. దాన్ని యూరోపియన్ ఆదేశం ఆంగ్లంలో ‘సింగిల్ ఈక్విటబుల్ రెమ్యునరేషన్’ అంటుంది. ఇంట్లో సొంతానికి పాట కాపీ చేసుకోవడం వల్ల కర్తలకు కలిగే నష్టానికి ఇచ్చేది కొంపెన్సాసియోన్ ఈక్వితాతీవా. 2001 ఆదేశం ఆంగ్ల పాఠం దీన్ని ‘ఫెయిర్ కంపెన్సేషన్’ అంటుంది. స్పానిష్‌లో ఒకే విశేషణం కాబట్టి ఆంగ్లంలోనూ ఒకే మాట ఉండాలనుకుంటే దెబ్బతింటాం. మొదటిది వాడుకకు ఇచ్చే ప్రతిఫలం, రెండోది నష్టానికి ఇచ్చే పరిహారం. యూరోపియన్ ఆదేశాలకు అన్ని భాషల పాఠాలూ సమానంగా ప్రామాణికమే కనుక, ఒకే అధికరణాన్ని రెండు భాషల్లో పక్కపక్కన పెట్టి చూడడం అనువాదకుడికి ఉన్న అతి నమ్మకమైన సాధనం.

సొంత కాపీల పరిహారాన్ని స్పెయిన్ జనం కానొన్ అంటారు. ఆంగ్లంలో దీనికి ‘ప్రైవేట్ కాపీయింగ్ లెవీ’ అన్న మాట స్థిరపడింది. కానొన్ అని అలాగే ఉంచితే సంగీతం తెలిసినవారికి ఒకే బాణీని ఒకరి వెనక ఒకరు అందుకుని పాడే రచనారూపం గుర్తొస్తుంది. ఖాళీ సీడీలు, డీవీడీలు, ఎంపీత్రీ ప్లేయర్లు అమ్మే పదవాన్ అనే సంస్థ నుంచి ఎస్‌జీఏఈ 2002 సెప్టెంబర్ నుంచి 2004 సెప్టెంబర్ దాకా అమ్మిన సరుకు మీద 16,759.25 యూరోలు కోరింది. పదవాన్ కట్టనంది. వ్యవహారం యూరోపియన్ న్యాయస్థానం దాకా వెళ్లింది. ఆఫీసులకూ వ్యాపారాలకూ అమ్మిన సీడీల మీద కూడా కళ్లు మూసుకుని వేసే లెవీ చెల్లదని 2010 అక్టోబర్ 21న తీర్పు వచ్చింది. 2011 చివర స్పెయిన్ ప్రభుత్వం లెవీనే ఎత్తేసి పరిహారాన్ని ప్రభుత్వ బడ్జెట్‌లోంచి ఇస్తామంది. అలా ఇస్తే కాపీ చేసుకోని పన్ను చెల్లింపుదారుల మీదా భారం పడుతుంది కనుక అదీ కుదరదని 2016 జూన్‌లో అదే న్యాయస్థానం చెప్పింది. 2017 ఆగస్టు 1 నుంచి లెవీ మళ్లీ అమల్లోకి వచ్చింది. ఈ కాలాల్లో దేనికి చెందిన కాగితమో చూడకుండా కానొన్‌ను లెవీ అన్నా, కొంపెన్సాసియోన్‌ను లెవీ అన్నా పొరపాటే. 2012 నుంచి 2017 నడుమ పరిహారం ఉంది, లెవీ లేదు.

లెక్కల కాగితం

లికిదాసియోన్ అనే కాగితాన్ని దగ్గరగా చూద్దాం. పేరు చూసి సంఘం దివాలా తీసి ఆస్తులు అమ్ముకుంటోందని భయపడనక్కర్లేదు. అది ‘రాయల్టీ స్టేట్‌మెంట్’. పైన సోసియో పేరు ఉంటుంది. వ్యాపార భాషలో సోసియో భాగస్వామి కావచ్చు, ఇక్కడ మాత్రం సంఘం సభ్యుడు. కింద పట్టికలో ఓబ్రా పేరు, అందులో ఆ మనిషి పాత్ర, వాటా శాతం, హక్కు రకం, కాలవ్యవధి, ఇంపోర్తె బ్రూతో అనే మొత్తం వరసగా ఉంటాయి. ఆ తర్వాత తీసివేతలు: సంఘం నిర్వహణ ఖర్చు, రెతెన్సియోన్ అనే పన్ను కోత. రెతెన్సియోన్‌ను రిటెన్షన్ అంటే కాంట్రాక్టరు పని పూర్తయ్యేదాకా ఆపి ఉంచే డబ్బు అని ఆంగ్ల పాఠకుడు అనుకుంటాడు. ఇది ‘విత్‌హోల్డింగ్ ట్యాక్స్’. అసిస్తెన్సియాల్ అన్న పద్దు సభ్యుల సంక్షేమానికి తీసినది. ఇలాంటి సంక్షేమ పనులు చేయడం స్పెయిన్ చట్టం సంఘాలపై పెట్టిన బాధ్యత.

ఈ కాగితానికి ముందున్న రెండు దశలు రెకౌదాసియోన్, రెపార్తో. మొదటిది వసూలు, ‘కలెక్షన్స్’. రెండోది హక్కుదారులకు పంచడం, ఆంగ్లంలో ‘డిస్ట్రిబ్యూషన్’. ఇక్కడే రెండు మాటలు ఢీకొంటాయి. స్పానిష్ చట్టంలో దిస్త్రిబుసియోన్ అంటే ప్రతులను అమ్మడం, అద్దెకివ్వడం. దానికీ ఆంగ్లంలో డిస్ట్రిబ్యూషన్ అన్నదే మాట. ఒకే పేరాలో రెండూ వస్తే ‘రాయల్టీ డిస్ట్రిబ్యూషన్’ అని ఒకదాన్ని, ‘డిస్ట్రిబ్యూషన్ రైట్’ అని మరొకదాన్ని విడివిడిగా చెప్పక తప్పదు.

రెపార్తో నియమాల చుట్టూ పెద్ద గొడవలే నడిచాయి. తెల్లవారుజామున టీవీలో వచ్చే సంగీతానికి సొమ్ము పంచిన తీరు మీద చెలరేగిన వివాదం నడుమ, రచయితల సంఘాల అంతర్జాతీయ సమాఖ్య సీసాక్ 2019 మేలో ఎస్‌జీఏఈ సభ్యత్వాన్ని తాత్కాలికంగా తొలగించింది. ఆ వివాదంలో అర్రేగ్లో అన్న మాట పదేపదే వస్తుంది. కాలపరిమితి తీరిన పాత రచనకు కొత్తగా వాద్యకూర్పు చేసి నమోదు చేసుకోవడం అని అర్థం. ఆంగ్లంలో ‘అరేంజ్‌మెంట్’. సందర్భం తెలియని చోట అది ఏదో సర్దుబాటు ఒప్పందంలా వినిపించే ప్రమాదముంది, కాబట్టి ‘మ్యూజికల్’ అన్న విశేషణం జోడించాలి.

సెసియోన్, వదులుకోలేని హక్కు

ఒప్పందాల అనువాదంలో అన్నిటికంటే జాగ్రత్త కోరేది సెసియోన్. కర్త తన హక్కును ఇంకొకరికి ఇవ్వడం. అసైన్‌మెంట్ అంటే ఆంగ్లో అమెరికన్ న్యాయవాది పూర్తి యాజమాన్యం మారిందనుకుంటాడు. లైసెన్స్ అంటే వాడుకోవడానికి అనుమతి మాత్రమే అనుకుంటాడు. స్పానిష్ సెసియోన్ ఈ రెంటి నడుమ ఎక్కడో ఉంటుంది, ఎక్కడన్నది ఆ ఒప్పందం చదివితేనే తెలుస్తుంది. చట్టం దానికి గట్టి హద్దులు పెట్టింది. ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లే. ఏ ప్రాంతానికో రాయకపోతే ఒప్పందం జరిగిన దేశానికే. ఒప్పందం నాటికి లేని, తెలియని వాడకపద్ధతులకు అది వర్తించదు. ఇప్పుడున్న, ఇకముందు రాబోయే మాధ్యమాలన్నిటికీ హక్కు ఇస్తున్నామని రాసుకోవడం అమెరికా ఒప్పందాల్లో మామూలు. స్పానిష్ చట్టం కింద ఆ వాక్యంలో రెండో సగానికి బలం లేదు. సెసియోన్ ఎన్ ఎక్స్‌క్లూసీవా అని ఉంటే, ఒప్పందం హక్కును కాలానికీ ప్రాంతానికీ కట్టేసి ఉన్నప్పుడు ‘ఎక్స్‌క్లూజివ్ లైసెన్స్’ అనడమే భద్రమని నేననుకుంటాను. అసైన్‌మెంట్ వాడితే పక్కనే ఆ హద్దులు చెప్పాలి.

ఇర్రెనున్సియాబ్లె అంటే వదులుకోవడానికి వీల్లేనిది. అంతర్జాలంలో పాట అందించే హక్కును లేబుల్‌కు ఇచ్చేసిన గాయకుడికి కూడా స్పెయిన్ చట్టం తగిన ప్రతిఫలం కోరే హక్కును మిగిల్చింది, దాన్ని సంఘం ద్వారానే వసూలు చేసుకోవాలి. తెలుగు పాటల లోకానికి ఇది దగ్గరి సంగతి. 2012లో భారత కాపీరైట్ చట్టానికి వచ్చిన సవరణ, సినిమా పాటలు రాసినవారికీ బాణీలు కట్టినవారికీ, సినిమాహాలులో ప్రదర్శన తప్ప మిగతా వాడకాల మీద రాయల్టీలో సమాన వాటాను ఇచ్చింది. ఆ వాటాను వారసులకో కాపీరైట్ సంఘానికో తప్ప ఎవరికీ రాసివ్వకూడదు, వదులుకోకూడదు. ఈ పోలిక తెలిసిన భారతీయ అనువాదకుడికి ఇర్రెనున్సియాబ్లె కష్టమైన మాట కాదు. ‘అన్‌వెయివబుల్’ అని రాయడానికి జంకేవారు ‘దట్ కెనాట్ బి వెయివ్డ్’ అని పొడిగించుకోవచ్చు.

కాలపరిమితి

దొమీనియో పూబ్లికో అంటే పబ్లిక్ డొమైన్, అనువాదంలో చిక్కేమీ లేదు. ఎప్పుడు అన్నదే చిక్కు. 1879 చట్టం కర్త మరణం తర్వాత 80 ఏళ్లు ఇచ్చింది. 1987 చట్టం దాన్ని 60కి దించింది, తర్వాత యూరోపియన్ నియమంతో 70 అయింది. అయితే 1987 డిసెంబర్ 7కు ముందు మరణించిన కర్తలకు స్పెయిన్‌లో పాత 80 ఏళ్లే నిలిచాయి. సంగీతకర్త మాన్వెల్ దె ఫాయా 1946 నవంబర్‌లో అర్జెంటీనాలో కన్నుమూశారు. 70 ఏళ్ల లెక్క పాటించే దేశాల్లో ఆయన రచనలు 2017లో అందరివీ అయ్యాయి. స్పెయిన్‌లో మాత్రం 2026 చివరి వరకూ రక్షణ ఉంది. ఫాయా రచనల మీద వచ్చిన స్పానిష్ నోటీసును ఆంగ్లంలోకి తెచ్చేటప్పుడు దేశం పేరు చెప్పకుండా ‘పబ్లిక్ డొమైన్’ అనో ‘కాపీరైట్‌లో ఉంది’ అనో రాస్తే అది అసంపూర్ణం.

సముద్రం అవతల

స్పానిష్ కూడా ఒక్కటి కాదు. స్పెయిన్ దెరేచోస్ దె ఎక్స్‌ప్లొతాసియోన్ అన్న ఆర్థిక హక్కులను మెక్సికో దెరేచోస్ పత్రిమొనియాలెస్ అంటుంది. దాన్ని పాట్రిమోనియల్ అని ఆంగ్లీకరిస్తే ఎవరికీ అర్థం కాదు, ‘ఎకనామిక్ రైట్స్’ అనాలి. అలాగే ఎక్స్‌ప్లొతాసియోన్‌లో దోపిడీ అన్న అర్థమేమీ లేదు. స్పెయిన్‌లో దెరేచోస్ అని క్లుప్తంగా అనే రాయల్టీ సొమ్మును మెక్సికో చట్టం రెగలీయాస్ అంటుంది. కొమునికాసియోన్ పూబ్లికా అన్న విశాలమైన మాట బదులు లాటిన్ అమెరికా కాగితాల్లో ఎహెకుసియోన్ పూబ్లికా ఎక్కువగా కనిపిస్తుంది. అది అమెరికన్ పబ్లిక్ పెర్ఫార్మెన్స్‌కు దగ్గర. కాలపరిమితులూ వేరే. మెక్సికోలో మరణం తర్వాత 100 ఏళ్లు, కొలంబియాలో 80. అర్జెంటీనాలో దొమీనియో పూబ్లికో పగాంతె అన్న పద్ధతి ఉంది. కాలపరిమితి తీరిన రచన వాడుకున్నా ప్రభుత్వ కళానిధికి రుసుము కట్టాలి. స్పెయిన్‌లో ఇలాంటిది లేదు. ఆంగ్లంలో ‘పేయింగ్ పబ్లిక్ డొమైన్’ అంటారు, అది ఏమిటో ఒక వాక్యంలో చెప్పకపోతే పాఠకుడికి రెండు మాటలూ పరస్పరం కొట్టుకుంటున్నట్టు ఉంటుంది.

సంఘాలు కూడా దేశానికొకటి: మెక్సికోలో సాక్మ్, అర్జెంటీనాలో సదాయిక్, కొలంబియాలో సాయ్‌కో, చిలీలో ఎస్‌సీడీ. ఈ పేర్లను అనువదించకూడదు. పొడి అక్షరాలను అలాగే ఉంచి, మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం అది ఏ దేశపు, ఎవరి సంఘమో చెప్పాలి. ఆంగ్లంలో ప్రతి సంఘాన్నీ ‘పెర్ఫార్మింగ్ రైట్స్ ఆర్గనైజేషన్’ అనే అలవాటు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ ఆస్కాప్, బీఎంఐ ప్రదర్శన హక్కునే చూస్తాయి, రికార్డుల్లోకీ స్ట్రీమింగ్‌లోకీ ప్రతులు తీసే మెకానికల్ హక్కు వేరే చేతుల్లో ఉంటుంది. 2021 నుంచి స్ట్రీమింగ్ మెకానికల్ సొమ్మును ఎంఎల్‌సీ అనే సంస్థ చూస్తోంది. ఎస్‌జీఏఈ ఈ రెండు హక్కులనూ ఒకే గూటిలో నిర్వహిస్తుంది కనుక దానికి ఆ పేరు చాలదు, ‘కలెక్టివ్ మేనేజ్‌మెంట్ ఆర్గనైజేషన్’ అనాలి.

సాధనాలు

సరైన మాట కోసం వెతకడానికి నమ్మదగిన చోట్లు కొన్ని ఉన్నాయి. యూరోపియన్ ఆదేశాల రెండు భాషల పాఠాల సంగతి పైన చెప్పుకున్నాం. న్యాయస్థానం తీర్పులు కూడా అలాగే స్పానిష్‌లోనూ ఆంగ్లంలోనూ దొరుకుతాయి, రఫాయెల్, పదవాన్ తీర్పులు చదివితే సగం పదకోశం చేతికొస్తుంది. వైపో 1980లో గ్యోర్గీ బోయ్‌తా చేత బహుభాషా పదకోశం, 2003లో మిహాయ్ ఫిచోర్ చేత ఒప్పందాల వివరణతో కూడిన పదకోశం వెలువరించింది. కాపీరైట్ మీది అంతర్జాతీయ బెర్న్ ఒప్పందం విషయంలో భాషల మధ్య భేదం వస్తే ఫ్రెంచి పాఠానిదే పైచేయి, కనుక ఫ్రెంచి తెలిసినవారికి ఒక అదనపు ఆసరా దొరుకుతుంది.

ఫ్రెంచి నీడ సంఘాల కంప్యూటర్లలోనూ కనిపిస్తుంది. రచనలను దేశదేశాల సంఘాల్లో నమోదు చేయడానికి వాడే ఉమ్మడి ఫైలు పద్ధతిలో పాత్రలకు అక్షర సంకేతాలు ఉన్నాయి. సి అంటే బాణీ కట్టినవారు, ఏ అంటే మాటలు రాసినవారు, సిఏ అంటే రెండూ చేసినవారు, ఏఆర్ అంటే వాద్యకూర్పు చేసినవారు. ప్రచురణకర్తకు పి కాక ఇ అని ఉంటుంది, ఉప ప్రచురణకర్తకు ఎస్‌ఇ. లికిదాసియోన్‌లో పాత్ర గడిలో ఈ అక్షరాలు కనిపిస్తే వాటిని తాకకుండా అలాగే ఉంచాలి. వాటిని అనువదించి ఇ బదులు పి అని రాస్తే అవతలి సంఘం కంప్యూటరు ఆ వరసను గుర్తుపట్టదు, ఆ సొమ్ము హక్కుదారు తేలని పద్దులో పడి ఉంటుంది.